మంటకు పోయే గ్యాసును మళ్లించే పని: జడ్చర్ల కోళ్ల ఫారం ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 3

జాగ: జడ్చర్ల దగ్గర గుడ్ల కోళ్ల ఫారం, 60,000 కోళ్లు. రోజుకు 5 టన్నుల కోళ్ల పెంట నీళ్లు కలిపి డైజెస్టరులోకి (పెంట కుళ్లి బయోగ్యాసు తయారయ్యే మూసిన ట్యాంకు) పోతుంది. పైన గ్యాసు నిల్వకు 80 ఘనపు మీటర్ల రెండు పొరల బెలూను. పొద్దున 7 నుంచి సాయంత్రం 5 దాకా ఫీడ్ మిల్లు కోసం గ్యాసు జనరేటరు నడుస్తుంది. మిగిలిన గ్యాసంతా ఫ్లేరు స్తంభం మీద కాలిపోతోంది.

మూడు రోజులు మీటరు పెట్టి చూసిన లెక్క ఇది. రోజు ఉత్పత్తి 335 ఘనపు మీటర్లు, అంటే గంటకు 14. జనరేటరు తాగేది 125. మంటకు పోయేది 210. మీథేన్ 58% ఉంది కాబట్టి ఘనపు మీటరుకు 20.8 మెగాజౌళ్లు. మంటలో కలిసేది రోజుకు దాదాపు 4,370 మెగాజౌళ్లు, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు 5.

అదే ఆవరణలో కాగితం గుజ్జుతో గుడ్ల ట్రేలు చేసే యూనిట్ ఉంది. దాని డ్రయ్యరు సర్కారు తుమ్మ కట్టెతో నడుస్తోంది. గ్యాసు పోవాల్సిన చోటు అదే.

ఫిబ్రవరి 5

గొట్టం ఎక్కడ కలపాలన్నది ముందుగా తేల్చాల్సిన విషయం. చమురు శుద్ధి కర్మాగారాల్లో ఫ్లేరు గ్యాసును పట్టుకునే పద్ధతినే చిన్న కొలతలో తీసుకుంటున్నాం. అక్కడ సేఫ్టీ వాల్వులన్నీ ఒక పెద్ద హెడరులోకి (ఉమ్మడి గొట్టం) తెరుచుకుంటాయి. హెడరు నాకౌట్ డ్రమ్ముకు (గ్యాసులోని ద్రవాలను పట్టే డ్రమ్ము), అక్కడి నుంచి వాటర్ సీలుకు (గొట్టం కొన నీళ్లలో మునిగి ఉండే కుండ), సీలు దాటి స్తంభానికి వెళ్తుంది. రికవరీ కంప్రెసరు గొట్టం సీలుకు ముందు పక్కనుంచి చీలుతుంది. మామూలుగా కారే కొద్దిపాటి గ్యాసును కంప్రెసరు లాగేస్తుంది. ఏదైనా యూనిట్ ఉన్నట్టుండి ఆగి గ్యాసు ఒక్కసారిగా వస్తే, పీడనం సీలులోని నీళ్లను తోసుకుని మంటకు చేరుతుంది. అందుకు ఎవరూ వాల్వు తిప్పనక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు.

మేము పాటించేదీ ఇదే. ఫ్లేరు దారిలో మూసే వాల్వు ఒక్కటి కూడా ఉండదు. రికవరీ పక్క కొమ్మ మాత్రమే.

పీడనాల మెట్లు నీళ్ల ఎత్తులో ఇలా పెట్టాం. బెలూను మామూలు పీడనం 50 మి.మీ. ఫ్లేరు వాటర్ సీలు 80 మి.మీ. డైజెస్టరు మీది చివరి రక్షణ సీలు 120 మి.మీ. కిందివైపు 15 మి.మీ.కు పడితే బ్లోయరు (గ్యాసును లాగి డ్రయ్యరుకు నెట్టే ఫ్యాను) ఆగాలి. ఆగకపోతే అది గాలిని లాగుతుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15% మధ్య ఉంటే అంటుకుంటుంది, గొట్టంలో ఆ మిశ్రమం తయారవ్వనివ్వకూడదు.

ఫిబ్రవరి 11

ఫ్లేరు కొనకు కె-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కట్టి వారం రోజులు రికార్డు చేశాం. పట్టపగలు బయోగ్యాసు మంట కంటికి కనిపించదు. స్తంభం కింద నిలబడి "మండుతోంది" అనుకోవడం ఊహ మాత్రమే. రికార్డులో మంట మూడుసార్లు ఆరిపోయి ఉంది, ఒకసారి ఏకంగా 5 గంటలు. అంటే 70 ఘనపు మీటర్లు పచ్చిగా గాలిలో కలిశాయి. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పెంచుతుంది. ఆరిన ఫ్లేరు కంటే ఫ్లేరు లేకపోవడమే నయం, కనీసం గ్యాసు ఎటు పోతోందో తెలుస్తుంది.

ప్రపంచ బ్యాంకు ఉపగ్రహ లెక్కల ప్రకారం 2023లో చమురు క్షేత్రాల్లో మంటపెట్టిన గ్యాసు 148 బిలియన్ ఘనపు మీటర్లు. రోజువారీ ఫ్లేరింగును 2030 నాటికి ఆపాలన్న పిలుపు 2015లోనే వచ్చింది. కోనసీమ బావుల దగ్గర మంటలు చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గరున్న 210 ఘనపు మీటర్లు దాని ముందు లెక్కలోకి రావు, కానీ ఆరిన మంట చేసే పని ఏ కొలతలోనైనా ఒకటే.

ఆటో ఇగ్నైటరు మార్చాం. 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. థర్మోకపుల్ 200 డిగ్రీల కిందికి పడగానే స్పార్కు మొదలవుతుంది. కొనకు గాలి అడ్డు రేకు కట్టాం.

ఫిబ్రవరి 20

గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు 3,200 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు). కోళ్ల పెంటకు ఇది సహజమే, దాణాలోని ప్రోటీను గంధకమే దీనికి మూలం. ట్రే డ్రయ్యరులో మంట వేడిగాలి నేరుగా ట్రేల మీదికి వెళ్తుంది కాబట్టి గ్యాసులో 100 పీపీఎం దాటనివ్వకూడదు. దాటితే సల్ఫర్ డయాక్సైడ్ తడి ట్రేలలో, డ్రయ్యరు రేకుల్లో చేరి తినేస్తుంది.

రెండు అంచెల్లో తీస్తున్నాం. మొదటిది డైజెస్టరు పై ఖాళీలోకి కొద్దిగా గాలి. నిమిషానికి 9 లీటర్లు, అంటే గ్యాసు పరిమాణంలో 4%కు కాస్త తక్కువ. గాలిలోని ఆక్సిజన్‌తో అక్కడి సూక్ష్మజీవులు సల్ఫైడును పసుపు గంధకంగా మారుస్తాయి. అవి పెరగడానికి పై ఖాళీలో నైలాన్ వల అడ్డంగా కట్టాం. గాలి పంపు గ్యాసు మీటరుతో ముడిపడి ఉంటుంది. గ్యాసు పారకపోతే పంపు ఆగాలి. ఈ లింకు లేకుండా గాలి పంపు పెట్టడం మాకు సమ్మతం కాదు.

సైటులో అందరూ 10 పీపీఎంకు మోగే డిటెక్టరు తగిలించుకోవాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది కదా, తెలిసిపోతుందిలే అనుకోవద్దు. 100 పీపీఎం దగ్గరే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు.

మార్చి 2

గాలి మొదలుపెట్టిన పదో రోజు: హైడ్రోజన్ సల్ఫైడ్ 280 పీపీఎం. గ్యాసులో మిగిలిన ఆక్సిజన్ 0.4%. ఇక రెండో అంచె, మిగిలిన సల్ఫైడును పట్టుకునే ఇనుప తుప్పు పెట్టె.

200 లీటర్ల స్టీలు డ్రమ్ములో 60 కిలోల లేత్ చిప్పులు (లేత్ మిషన్‌లో రాలే ఇనుప తురుము). చిప్పులకు ఉన్న కటింగ్ ఆయిల్ పోయేదాకా కాస్టిక్ సోడా నీళ్లతో రెండుసార్లు కడగాలి. నూనె ఉంటే తుప్పు పట్టదు. తరువాత ఉప్పునీళ్లు చల్లి వారం రోజులు ఎండలో తిప్పుతూ ఉంటే ఎర్రగా తుప్పు పడుతుంది. గ్యాసు కిందినుంచి పైకి పోవాలి. అడుగున చిల్లుల పళ్లెం, దాని కింద నీళ్లు దిగే జాగ.

ఎంతకాలం వస్తుందన్నది ముందే లెక్కేశాం. 280 పీపీఎం చొప్పున రోజుకు దాదాపు 80 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్. తుప్పు బరువు సుమారు 3 కిలోలు. కిలో ఐరన్ ఆక్సైడ్ సిద్ధాంతం ప్రకారం 640 గ్రాములు పట్టాలి, నిజానికి సగం పట్టినా మంచిదే. పదిపన్నెండు రోజులు. గాలి అంచె లేకుండా 3,200 పీపీఎం నేరుగా వచ్చి ఉంటే ఈ పెట్టె ఒక్క రోజుకే నల్లబడేది. ఖర్చు లేని మొదటి అంచెను వదిలేసి పెద్ద పెట్టెలు కట్టడం చాలాచోట్ల జరిగే తప్పు.

మార్చి 9

బ్లోయరు, గొట్టాలు బిగించాం. సైడ్ ఛానల్ బ్లోయరు గంటకు 25 ఘనపు మీటర్లది, ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారుతో. దాని వేగం మార్చే డ్రైవు గ్యాసు జాగకు దూరంగా గదిలో ఉంది.

బెలూను నుంచి బ్లోయరుకు 110 మి.మీ. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) గొట్టం, బ్లోయరు దాటాక 63 మి.మీ. లాగే వైపు మన చేతిలో ఉన్నది 50 మి.మీ. పీడనం మాత్రమే కాబట్టి అక్కడ లావు గొట్టం ఉండాలి. తుప్పు పెట్టెను నెట్టే వైపే పెట్టాం. పెట్టెలో 150 మి.మీ. పీడనం పోతుంది. దాన్ని లాగే వైపు పెడితే గొట్టం శూన్యంలోకి వెళ్లి ఎక్కడ సందు దొరికితే అక్కడ గాలి పీలుస్తుంది. ఇత్తడి ఫిట్టింగులు ఎక్కడా లేవు, సల్ఫైడు వాటిని నల్లగా చేసి కొరుకుతుంది. అన్నీ స్టెయిన్‌లెస్ 304.

కొమ్మ మొదట్లో కరెంటు పోతే మూసుకునే సోలినాయిడ్ వాల్వు. బర్నరుకు ముందు ఫ్లేమ్ అరెస్టరు (మంట గొట్టంలోకి వెనక్కి పాకకుండా ఆపేది).

మార్చి 14

మొదటి ప్రయత్నం, మొదటి తప్పు. బ్లోయరును పీడనాన్ని బట్టి నడపాలని సెట్ చేశాం: 60 మి.మీ. దగ్గర ఆన్, 30 దగ్గర ఆఫ్. గంటలో 22 సార్లు ఆగి మొదలైంది.

కారణం బెలూను తీరులోనే ఉంది. బయటి పొరకు గాలి నింపే ఫ్యాను లోపలి గ్యాసును ఎప్పుడూ 50 దగ్గరే పట్టి ఉంచుతుంది. 20% నిండినా 50, 90% నిండినా 50. పూర్తిగా నిండాకే పీడనం పెరుగుతుంది. పీడనం చూసి లోపల ఎంత గ్యాసుందో చెప్పలేం. పీడనాన్ని ట్రిప్పుకు (ప్రమాదం రాకుండా బ్లోయరును దానంతట ఆపే హద్దు) మాత్రమే వదిలి, తాడుకు బరువు కట్టిన లెవల్ కొలతతో బ్లోయరును ముడివేశాం: 60% పైన ఉంటేనే మొదలవ్వాలి, 12%కు ఆగాలి. ఆ రోజంతా బ్లోయరు ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగింది.

మార్చి 18

బర్నరు. కొన్నది 12 జెట్ల ఎల్పీజీ బర్నరు, జెట్టు 0.9 మి.మీ. మాకు కావలసింది గంటకు 21 ఘనపు మీటర్లు, దాదాపు 120 కిలోవాట్లు, అదీ 600 మి.మీ. పీడనంతో. లెక్క ప్రకారం జెట్టు 2.7 మి.మీ. ఉండాలి. డ్రిల్లు చేసి చూస్తే వేడి సరిపోయింది, కానీ మంట బర్నరు నుంచి లేచిపోయి ఆరిపోతోంది. బయోగ్యాసులో 40% దాకా కార్బన్ డయాక్సైడ్ ఉండటంతో మంట నెమ్మదిగా పాకుతుంది. గ్యాసు దూసుకొచ్చే వేగాన్ని అది అందుకోలేదు. జెట్టు ముందు స్టెయిన్‌లెస్ జాలీ రింగు వెల్డు చేసి, ప్రాథమిక గాలి షట్టరు సగం మూశాక మంట కుదురుకుంది. మంట రంగు నీలం, అంచుల్లో కొద్దిగా నారింజ.

మార్చి 21

డ్రయ్యరు పగలు నడుపుతామని ట్రే యూనిట్ వాళ్లు అన్నారు. వద్దన్నాం. పగలు జనరేటరు ఉంది. అదీ ఇదీ కలిసి నడిస్తే బెలూను నాలుగు గంటల్లో ఖాళీ, రాత్రంతా మళ్లీ మంటే. ఇంకో 100 ఘనపు మీటర్ల బెలూను కొనాలన్న సలహా వచ్చింది. దాని కంటే డ్రయ్యరు షిఫ్టును రాత్రికి మార్చడం నయం.

లెక్క: రాత్రి 8 నుంచి తెల్లవారి 5 దాకా గంటకు 21 వాడితే, 14 వచ్చి చేరుతుంది. గంటకు 7 చొప్పున 9 గంటల్లో 63 తగ్గుతుంది. 80తో నిండిన బెలూను 17కు దిగుతుంది. 5 నుంచి 7 దాకా 28 చేరుతుంది. జనరేటరు నడిచే 10 గంటల్లో గంటకు ఒకటిన్నర చొప్పున 15. సాయంత్రం 5కు 60. ఆరున్నరకు నిండుతుంది. ఆరున్నర నుంచి 8 దాకా దాదాపు 21 ఘనపు మీటర్లు మంటకు. 210లో 189 దక్కింది, షిఫ్టు మార్పుకు పైసా పెట్టి కొన్నది ఏమీ లేదు.

ట్రేకు 70 గ్రాముల కాగితం, ఆవిరి చేయాల్సిన నీళ్లు 180 గ్రాములు. 189 ఘనపు మీటర్లతో దాదాపు 4,000 ట్రేలు ఆరుతున్నాయి. కట్టె రోజుకు మూడున్నర క్వింటాళ్లు తగ్గింది.

మార్చి 27

మీటరు తెల్లవారుజామున గంటకు 30 చూపిస్తోంది. బ్లోయరు అంత లాగలేదు. థర్మల్ మాస్ మీటరు సూది ఎంత చల్లబడితే అంత గ్యాసు పారినట్టు లెక్క కడుతుంది. నీటి చుక్క తగిలితే అది గ్యాసు అనుకుంటుంది. మీటరును నీళ్లు పట్టే కుండ దాటాక, నిలువు గొట్టంలోకి మార్చాం. ఇప్పుడు 21.

నీళ్ల లెక్క కూడా రాస్తున్నాం. డైజెస్టరు నుంచి 37 డిగ్రీల్లో బయటికొచ్చే గ్యాసులో ఘనపు మీటరుకు 44 గ్రాముల ఆవిరి ఉంటుంది. 22 డిగ్రీలకు చల్లబడితే పట్టేది 19. మిగతా 25 గ్రాములు గొట్టంలోనే నీళ్లు. డ్రయ్యరుకు పోయే 189 ఘనపు మీటర్లకు రోజుకు దాదాపు ఐదు లీటర్లు.

ఏప్రిల్ 4

నెట్టే వైపు నీళ్ల ట్రాపు (గొట్టంలో చేరిన నీళ్లు దిగే యు ఆకారపు వంపు) దగ్గర డిటెక్టరు మోగింది. ట్రాపులో సీలు లోతు 300 మి.మీ. అక్కడ పీడనం: బర్నరుకు 600, పెట్టెకు 150, గొట్టానికి, అరెస్టరుకు కలిపి ఇంకో 120. మొత్తం 870. నీళ్లను నెట్టేసి గ్యాసు బయటికి వచ్చేసింది. లాగే వైపు డ్రాయింగునే రెండో వైపుకూ వాడటం మా తప్పు. నెట్టే వైపు యు-ట్రాపులు తీసేసి, పైనా కిందా బాల్ వాల్వులున్న మూతపడిన కుండలు పెట్టాం. పై వాల్వు మూశాకే కింది వాల్వు తెరవాలి. రెండు వాల్వులకూ ఒకటే హ్యాండిలు ఉంచాం, రెండూ ఒకేసారి తెరవడం కుదరదు.

ఏప్రిల్ 13

తుప్పు పెట్టె బయట 95 పీపీఎం. మార్చే సమయం. ఇది మొత్తం పనిలో అతి జాగ్రత్త కావలసిన చోటు. వాడిన చిప్పులు ఐరన్ సల్ఫైడు. గాలి తగలగానే అది మళ్లీ తుప్పుగా మారుతూ వేడెక్కుతుంది, పొడిగా కుప్పగా ఉంటే తనంతట తానే రాజుకుంటుంది. రిఫైనరీల్లో ట్యాంకులు తెరిచేటప్పుడు భయపడేది ఈ పదార్థానికే.

క్రమం: బ్లోయరు ఆపి రెండు వైపులా వాల్వులు మూయాలి. డ్రమ్ము నిండా నీళ్లు నింపాలి. నీళ్లు దించి తడిగా ఉండగానే తీసి, మంట జాగకు దూరంగా సిమెంటు నేల మీద నాలుగు వేళ్ల మందం మించకుండా పరచాలి. గంటకోసారి నీళ్లు చిలకరించాలి. ఒక మూల మందంగా పడిన చోట థర్మామీటరు 70 డిగ్రీలు చూపింది, వెంటనే చదును చేసి తడిపాం. రెండు రోజుల్లో నల్లటివి మళ్లీ ఎర్రబడ్డాయి. అదే చిప్పులు మూడు నాలుగుసార్లు వాడొచ్చు, ఆ తరువాత గంధకం కప్పేస్తుంది. ఇప్పుడు రెండు పెట్టెలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి పనిలో, ఒకటి ఎండలో.

ఏప్రిల్ 22

రికవరీ 189 నుంచి 140కి పడిపోయింది. బెలూను 60% ఉన్నా ఫ్లేరు మండుతూనే ఉంది. సీలు కుండ మూత తీసి కొలిస్తే నీళ్లు 45 మి.మీ. ఈ ఎండలకు రోజుకు 10 మి.మీ. దాకా ఆవిరవుతోంది. బెలూను పీడనం 50, సీలు 45. అంటే దారి ఎప్పుడూ తెరిచే ఉంది, గ్యాసు తేలికైన దారిన పోతోంది.

ఎయిర్ కూలరులో నీళ్లు నింపే ఫ్లోటు వాల్వే దీనికి మందు. పక్కన చిన్న తొట్టి, దానిలో ఫ్లోటు. తొట్టి నుంచి సీలు కుండ అడుగుకు గొట్టం. తొట్టి వైపు గాలి పీడనం, కుండ వైపు గ్యాసు పీడనం కాబట్టి ఫ్లోటు ఎత్తును ఆ తేడాతో సహా కొలిచి బిగించాలి. ఫ్లోటు ఇరుక్కుంటే కుండ నిండిపోయి ఫ్లేరు దారి మూసుకుంటుంది, అది ఎండిపోవడం కంటే ప్రమాదం. అందుకే 85 మి.మీ. దగ్గర ఓవర్‌ఫ్లో గొట్టం, దానికి సొంతంగా 200 మి.మీ. సీలు.

ఏప్రిల్ 29

ఫారం ఆపరేటరు అడిగాడు: "అన్నా, ఆ సాయంత్రం గంటన్నర మంట ఎందుకు, ఫ్లేరు లైనుకు ఒక బాల్ వాల్వు పెడితే మొత్తం దక్కుతది గదా?"

దక్కదు. బెలూను నిండాక గంటకు 14 ఘనపు మీటర్లు ఎక్కడో ఒకచోటికి పోవాల్సిందే. ఫ్లేరు మూస్తే పీడనం 120కి చేరి డైజెస్టరు మీది రక్షణ సీలు తెరుచుకుంటుంది. అక్కడి గ్యాసు శుభ్రం చేయనిది, మంటలేనిది, మనిషి నడిచే ఎత్తుకు దగ్గర. కాల్చి పంపేదాన్ని పచ్చిగా పంపడమే అవుతుంది. డ్రయ్యరును గంట ముందుకు జరిపినా లాభం లేదు, మొత్తం గంటలు అవే కాబట్టి మిగులు అంతే ఉంటుంది. ఇంకో గంట ఎక్కువ నడవాలి: రాత్రి 7 నుంచి 5 దాకా, 210 మొత్తం ఖర్చు. ట్రేల గిరాకీ ఉన్న రోజుల్లో అలా నడపమన్నాం.

మే 6

గొట్టం పాములా మెలికలు తిరిగింది. నల్ల హెచ్‌డీపీఈ ఎండలో 60 డిగ్రీలకు చేరుతుంది. 80 మీటర్ల గొట్టం రాత్రికీ పగటికీ అరమీటరు దాకా సాగి ముడుచుకుంటుంది. స్తంభాల మధ్య 3 మీటర్ల దూరంలో కిందికి వేలాడి, ఆ ఒంపుల్లో నీళ్లు నిలిచాయి. బర్నరు మంట గుక్కపట్టినట్టు కొట్టుకోవడానికి అదే కారణం. అరెస్టరు అని పొరబడి ముందు దాన్ని విప్పాం. నిజానికి అక్కడా పసుపు పొడి పేరుకుని పీడనం నష్టం 20 నుంచి 110కి పెరిగి ఉంది. తుప్పు పెట్టె తరువాత బట్ట ఫిల్టరు పెట్టాం.

గొట్టాన్ని రెండడుగుల లోతు కందకంలో పూడ్చాం, వంద అడుగులకు రెండడుగుల వాలు. వాలు చివర నీళ్ల కుండ ఉన్న గుంతకు మూత వేయలేదు, ఇనుప జాలీ మాత్రమే. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, గుంతలో నిలుస్తుంది. నీళ్లు తీయడానికి ఎవరూ దిగకుండా డిప్ పైపును పైదాకా తెచ్చి చేతిపంపు బిగించాం.

మే 17

రాత్రి 8:40కి గాలిదుమారం, కరెంటు పోయింది. బ్లోయరు ఆగింది, సోలినాయిడ్ మూసుకుంది. అప్పుడే మొదలైన షిఫ్టు కాబట్టి బెలూను దాదాపు నిండుగా ఉంది. ఇరవై నిమిషాల్లో నిండి సీలు బుడగలు వేయడం మొదలైంది. మూడు గంటలు గ్యాసంతా ఫ్లేరుకే. రికార్డు ప్రకారం గాలికి మంట రెండుసార్లు ఆరి, రెండుసార్లూ 4 సెకన్లలో అంటుకుంది. డైజెస్టరు పీడనం ఎక్కువలో ఎక్కువ 92 మి.మీ. ఎవరూ ఏ వాల్వూ ముట్టలేదు.

కరెంటు వచ్చాక బ్లోయరు తనంతట మొదలవ్వకుండా రీసెట్ బటన్ పెట్టాం. డ్రయ్యరులో బర్నరు ఆరి ఉండగా గ్యాసు పోకూడదు. ముందు డ్రయ్యరు ఫ్యాను 5 నిమిషాలు గాలి తిప్పాలి, తరువాత స్పార్కు, ఆ తరువాతే గ్యాసు.

జూన్ 2

ఆపరేటరు గది గోడ మీద రాయించిన రోజువారీ పనులు: సీలు నీళ్లు 80, పొద్దునా సాయంత్రం చూడాలి. థర్మోకపుల్ రికార్డులో మంట ఆరిన నిమిషాలు రాయాలి. పెట్టె ముందూ వెనకా పీపీఎం రెండు రోజులకోసారి. ఇగ్నైటరు బ్యాటరీ వోల్టేజి సోమవారం. నీళ్ల కుండల్లో తీసిన లీటర్లు రాయాలి, 3 లీటర్ల కంటే తగ్గితే నీళ్లు గొట్టంలో ఎక్కడో నిలిచినట్టే. వానలు మొదలయ్యాక పెంట తడి పెరిగి గ్యాసు తగ్గుతుంది. అప్పుడు డ్రయ్యరు గంటలు 9 నుంచి 7కు దించాలి, 12% ట్రిప్పును మాత్రం మార్చవద్దు.